ఆఫ్రికా బొమ్మల కథలు మన గోదారి పిల్లలకి ఎలా చెప్పాలి?

లంక_పంతులమ్మ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండీ. కోనసీమలో ఒక లంక ఊరి బడిలో 3, 4 తరగతులకి చెబుతాను. ఈ ఏడాది వారానికో బొమ్మల కథ చదివి వినిపిస్తున్నాను. మన కథలయ్యాయి, రష్యా కథలయ్యాయి, ఇప్పుడు ఆఫ్రికా కథల్లోకి వచ్చాం. లోకంలో మనలా ఉండేవాళ్ళు, మనలా లేనివాళ్ళు చాలామంది ఉన్నారని పిల్లలకి చిన్నప్పుడే తెలియాలని నా ఆశ.

మొదట దోమ కథ చదివాను. దోమలు మనుషుల చెవుల దగ్గరే ఎందుకు గుయ్యిమంటాయో చెప్పే కథ. దానికి ఒకటే నవ్వులు. రెండో పుస్తకంలో మనుషుల బొమ్మలొచ్చాయి. పేజీ తిప్పానో లేదో, వెనకనుంచి ఒకడు "టీచర్, ఈళ్ళేంటండీ దెయ్యాల్లా ఉన్నారు" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. అందరికంటే కాస్త నల్లగా ఉండే పిల్ల ఒకత్తి మాత్రం నవ్వకుండా పలక మీద ఏదో గీసుకుంటూ కూర్చుంది.

గద్దించి కథ ముందుకి నడిపించాను. గద్దిస్తే నోరు మూతపడుతుంది గానీ బుర్రలోది పోదు కదా. మీలో ఇలాంటి కథలు చెప్పినవాళ్ళుంటే ఏ పుస్తకాలు వాడారు, ఇలాంటి మాట వచ్చినప్పుడు ఏం చేశారు? తెలుగులో ఏమైనా దొరుకుతాయా? కొనే స్తోమత మా బడికి లేదు, అది ముందే చెప్పేస్తున్నా.

రాజోలు_తాతయ్య | సోమవారం, రాత్రి 10:15

అమ్మా, నేను రిటైరైన హెడ్మాస్టర్ని. ముందు ఆ దోమ కథ సంగతి. అది చదివాక పిల్లల చేత ఏడు చేపల కథ చెప్పించారా?

రెండూ ఒకే అల్లిక. మన దాంట్లో రాజుగారి కొడుకు "చేపా చేపా ఎందుకు ఎండలేదు" అని మొదలెడితే గడ్డిమోపు, ఆవు, గొల్లవాడు, అవ్వ, పిల్లవాడు... అలా తవ్వుకుంటూ పోతే చివర చీమ తేలుతుంది. వాళ్ళ దాంట్లో దోమ ఏదో గొప్పలు పోతుంది, ఉడుము విసుగెత్తి చెవుల్లో పుల్లలు పెట్టుకుంటుంది. తను పలకరించినా ఉడుము పలకలేదని కొండచిలువకి భయం. అది కలుగులో దూరితే కుందేలుకి భయం, కుందేలు పరుగు చూసి కాకి గోల, కాకి గోలకి కోతి గెంతులు. కొమ్మ విరిగి గుడ్లగూబ పిల్ల చచ్చిపోతుంది. తల్లి గుడ్లగూబ దుఃఖంలో పడి పొద్దున్నే సూర్యుణ్ణి లేపడం మానేస్తుంది. లోకం చీకటి. సింహం పంచాయతీ పెట్టి ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్తే చివర దోమ దొరుకుతుంది.

బోర్డు మీద రెండు గొలుసులూ పక్కపక్కన గీయించండి. తేడాలు వాళ్ళే పట్టుకుంటారు. మన చీమ "నా పుట్టలో వేలు పెడితే కుట్టనా" అని ఎదురు తిరుగుతుంది. ఆ దోమ దాక్కుంటుంది, ఇంకా నా మీద కోపంగా ఉన్నారా అని చెవి దగ్గరకొచ్చి అడుగుతుంది, తప్పున ఒక దెబ్బ తింటుంది. మన కథలో ఎవరూ చావరు, అక్కడ ఒక పసిపిల్ల చచ్చిపోతుంది, అందుకే అంత పెద్ద విచారణ. ఇవన్నీ పిల్లలే చెబుతారు, మీరు నోరు మెదపక్కర్లేదు. "వాళ్ళూ మనలాంటివాళ్ళే" అని మీరు వల్లె వేయించారనుకోండి, పరీక్షలో రాసి మర్చిపోతారు.

భీమవరం_రొయ్య | సోమవారం, రాత్రి 10:31

దోమల కథకి మా భీమవరాన్ని మించిన వేదిక ఎక్కడుందండీ. చెరువుగట్టు మీద కూర్చుని చదవండి, సౌండ్ ఎఫెక్టులు ఫ్రీ.

పుస్తకాలపురుగు_కాకినాడ | సోమవారం, రాత్రి 11:05

మేడమ్, మీరు చదివినది 1975లో అమెరికాలో వచ్చిన పుస్తకం అనుకుంటా. దానికి బొమ్మలు వేసింది లియో, డయాన్ డిల్లన్ అనే భార్యాభర్తలు. 1976లో దానికి కాల్డెకాట్ పతకం వచ్చింది. అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకి అంతకంటే పెద్ద గుర్తింపు లేదు. ఆ పతకం అందుకున్న మొదటి ఆఫ్రికన్ అమెరికన్ చిత్రకారుడు లియో డిల్లనే. కథని తిరగరాసిన ఆవిడ మాత్రం అమెరికా తెల్లావిడ. ఇదెందుకు చెబుతున్నానంటే, మనం ఆఫ్రికా పుస్తకాలు అనుకునేవాటిలో పేరున్నవి చాలావరకు అమెరికాలో, ఇంగ్లండులో తయారైనవే. చదవొద్దని కాదు, ఆ ఎరుకతో చదవాలి.

నా ముఖ్యమైన మాట ఏంటంటే, "ఇది ఆఫ్రికా కథ" అని ఎప్పుడూ మొదలుపెట్టకండి. అక్కడ 54 దేశాలున్నాయి. రాజోలు కథని ఎవరైనా "ఆసియా కథ" అని చెబితే మనకెలా ఉంటుంది? ఉదాహరణకి, ఘానా దేశంలో అకాన్ అనే జనం చెప్పుకునే కథ అనండి. పటం గోడకి తగిలించి ఊరు ఎక్కడో వేలు పెట్టి చూపించండి. జనం పేరూ, దేశం పేరూ చెప్పేసరికి కథ అడవిలోంచి ఒక ఊళ్ళోకి వచ్చేస్తుంది.

రెండో పుస్తకంగా అనన్సి కథ తీసుకుంటే బాగుంటుంది. అనన్సి అంటే అకాన్ల సాలీడు, జిత్తులమారి. లోకంలోని కథలన్నీ ఆకాశదేవుడు న్యామె దగ్గరే ఉంటాయి. అనన్సి వెళ్ళి బేరమాడతాడు. కొండచిలువని, చిరుతపులిని, కందిరీగల్ని, కంటికి కనపడని ఒక దెయ్యంపిల్లని పట్టి తెమ్మంటాడు దేవుడు. కొండచిలువని "నువ్వు పొడుగా, ఈ కర్ర పొడుగా" అని కొలవడానికి పడుకోబెట్టి కట్టేస్తాడు. కందిరీగల మీద నీళ్ళు చిలకరించి, వానొస్తోంది, ఈ సొరకాయ బుర్రలో దూరండి అని లోపలికి పంపి మూతి బిగిస్తాడు. దెయ్యంపిల్లకేమో ఒక బొమ్మకి జిగురు పూసి ఎర వేస్తాడు. అది బొమ్మని పలకరిస్తే బొమ్మ పలకదు. కోపమొచ్చి కొడుతుంది, చెయ్యి అతుక్కుపోతుంది. రెండో చెయ్యి, కాలు...

ఇక్కడ ఆగి మన పిల్లల్ని అడగండి. పనసకాయ కోసిన ఇల్లు ఏదైనా ఉంటే ఆ పాలు చేతికి అంటుకోవడం ఎలా ఉంటుందో, నూనె రాస్తే తప్ప ఎందుకు వదలదో వాళ్ళే మీకు పాఠం చెబుతారు. అన్నట్టు ఇలాగే జిగురుకి అతుక్కుపోయే కథ మన బౌద్ధ జాతక కథల్లోనూ ఉంది, అక్కడ ఒక రాకుమారుడు రాక్షసుడి జూలుకి అంటుకుపోతాడు.

పాలకొల్లు_అమ్మ | మంగళవారం, ఉదయం 6:50

అందరూ కథల గురించి చెప్పారు గానీ ఆ నవ్వని పిల్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మాయి కూడా నలుపే. పుట్టినప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళు "నలుపు నారాయణ మెచ్చు" అన్నారు. పైకి మెచ్చుకోలు, లోపల ఓదార్పు. తెల్లపిల్ల పుడితే ఏ సామెతా అక్కర్లేదు చూడండి.

మేడమ్, దయచేసి ఆ పిల్లని క్లాసు ముందు నిలబెట్టి "మన పాప కూడా నలుపే కదా, ఎంత బాగుందో" అని మాత్రం అనకండి. మా అమ్మాయికి వాళ్ళ బళ్ళో ఒక టీచరు మంచి ఉద్దేశంతోనే అలా చేసింది. తర్వాత వారం రోజులు స్కూలుకి వెళ్ళనని ఏడ్చింది.

రంగు గురించి అడిగినప్పుడు నీతి చెప్పక్కర్లేదు, సైన్సు చెప్పండి చాలు. చర్మంలో మెలనిన్ అనే పదార్థం ఉంటుంది, ఎండ బాగా కాసే చోట తరతరాలుగా బతికినవాళ్ళకి అది ఎక్కువ, ఎండనుంచి కాపాడుతుంది. పొలంలో ఎండకి వాళ్ళ నాన్న చేతులు ఎలా కమిలాయో, చొక్కా కిందున్న చర్మం ఎలా ఉందో వాళ్ళకే తెలుసు. "దెయ్యాల్లా" అన్నవాడిని మాత్రం విడిగా పిలిచి, దెయ్యం ఎలా ఉంటుందని నీకెవరు చెప్పార్రా అని అడగండి. సినిమాలోంచో, ఇంట్లోంచో వచ్చుంటుంది.

జానపద కథ కాదు గానీ కెన్యా నటి లుపిటా న్యోంగో 2019లో రాసిన "సుల్వే" అని ఒక బొమ్మల పుస్తకం ఉంది. ఇంట్లో అందరికంటే నల్లగా ఉన్న పిల్ల కథ. మా చెల్లి అమెరికా నుంచి తెచ్చింది. నేను తెలుగులో చెబుతూ ఉంటే మా అమ్మాయి పేజీ తిప్పనివ్వలేదు.

లంక_పంతులమ్మ | మంగళవారం, ఉదయం 7:20

పాలకొల్లు అక్కా, ఇది రాసినందుకు చాలా థాంక్స్. నాకు ఎక్కువ టెన్షన్ ఆ పిల్ల గురించే.

దార్‌లో_గోదారోడు | మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఆయ్, మాది అంబాజీపేట దగ్గరండి. టాంజానియాలో దార్ ఎస్ సలాంలో ఉద్యోగం. ఇంటికి ఫోన్ చేస్తే మా అత్తయ్య ఇప్పటికీ "సింహాలు రోడ్డు మీదకి వస్తాయా బాబూ" అని అడుగుతుంది. ఇక్కడ సింహం చూడాలంటే నేనూ టికెట్ కొనుక్కుని రోజంతా ప్రయాణం చెయ్యాలి. మా ఆఫీసు కిటికీలోంచి కనపడేవి అద్దాల మేడలు, ట్రాఫిక్ జామ్.

అందుకే జంతువుల కథలొక్కటే చదివి వదిలేయకండి. పిల్లల బుర్రలో ఆఫ్రికా అంటే జూ అయిపోతుంది. కథ అయ్యాక ఇక్కడి బజారు ఫొటోలు చూపించండి, కావాలంటే నేను తీసి పంపుతా. ఇక్కడ కొబ్బరి కోరడానికి చిన్న పీట ఉంటుంది, చివర పళ్ళున్న ఇనప బిళ్ళ, దాని మీద కూర్చుని కోరుకోవడమే. మొదటిసారి చూసినప్పుడు మా నానమ్మ వంటింట్లో ఉన్నట్టే అనిపించింది. కొబ్బరి పాలు పోసి అన్నం వండుతారు. కర్రపెండలం రోజూ తింటారు. మన సామర్లకోట, పెద్దాపురం వైపు దాన్ని సగ్గుబియ్యానికి పంపేస్తాం గానీ ఇక్కడ అది అన్నంతో సమానం.

ఇంకో సంగతి. మన పంచతంత్రంలో కోతీ మొసలీ కథ ఉంది కదా, గుండెకాయ చెట్టు మీద మర్చిపోయానని చెప్పే కోతి. అదే కథ ఈ స్వాహిలీ తీరంలోనూ ఉంది. ఇక్కడ నేరేడు చెట్టు బదులు మేడి జాతి చెట్టు, మొసలి బదులు సొరచేప. ఎడ్వర్డ్ స్టీర్ అనే మతబోధకుడు జాంజిబార్‌లో విని 1870లో అచ్చు వేసిన సంపుటంలో ఉంది. కోతి ఒడ్డెక్కాక సొరచేపకి చాకలివాడి గాడిద కథ కూడా చెబుతుంది. చెవులూ గుండే లేని గాడిద కథ. అదీ పంచతంత్రంలోదే!

పుస్తకాలపురుగు_కాకినాడ | మంగళవారం, మధ్యాహ్నం 2:00

బాగా గుర్తు చేశారు. పంచతంత్రం పాత పర్షియా భాష పహ్లవీలోకి, అక్కణ్ణుంచి 8వ శతాబ్దంలో అరబ్బీలోకి వెళ్ళింది. రుతుపవనాల గాలికి తెరచాప పడవలు అరేబియాకీ, మన పడమటి తీరానికీ, తూర్పు ఆఫ్రికాకీ మధ్య తిరిగేవి. సరుకుతో పాటు కథా ఎక్కింది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితే సముద్రం పాఠం కూడా అయిపోతుంది.

మనుషులూ వచ్చారు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా, ఏసీ అంటే ఎయిర్ కండిషన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం దగ్గర పనిచేసిన ఆఫ్రికా అశ్వికదళం. ఆ సిద్దీల (ఆఫ్రికా మూలాలున్న జనం) కుటుంబాలు ఇప్పటికీ అక్కడున్నాయి. అంతకుముందే మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, దక్కనులో అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించి, 1626లో చనిపోయేదాకా మొగలుల్ని నిద్రపోనివ్వలేదు. పెద్ద క్లాసుల పిల్లలకి ఈ కథ చెబితే కళ్ళు ఇంతలేసి చేసుకుని వింటారు.

కాలవగట్టు | మంగళవారం, రాత్రి 8:45

అందరూ పెద్దవాళ్ళు. నాకో సందేహం. ఘానా సాలీడు దగ్గరకి వెళ్ళే ముందు కాలవ దాటి దళితుల పేటకి వెళ్ళొచ్చు కదా? వేరు వేరు మనుషుల గురించి పిల్లలకి చెప్పాలంటే విమానం ఎక్కాలా? ఒకే బడిలో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారు, ఎవరింట్లో ఎవరు మంచినీళ్ళు తాగరు, ఇది చెప్పే బొమ్మల పుస్తకం ఏదండీ? 2022 మేలో జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడితే అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. అప్పుడు రాళ్ళు విసిరిన కుర్రాళ్ళు కూడా ఏదో ఒక బడిలో కథలు విన్నవాళ్ళే.

దూరపు మనుషుల్ని ప్రేమించమనడం సులువు. వాళ్ళు మన చెరువులో నీళ్ళు అడగరు.

నిర్వాహకులు | మంగళవారం, రాత్రి 9:02

కాలవగట్టు గారి ప్రశ్న చర్చకి సంబంధించినదే, ఉంచుతున్నాం. 2022 గొడవల మీద వాదన ఇక్కడ పెంచొద్దు. ఆ వైపు వెళ్ళిన 4 వ్యాఖ్యలు తీసేశాం.

రాజోలు_తాతయ్య | మంగళవారం, రాత్రి 9:30

బాబూ, నువ్వన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యలేను. కానీ ఒకదాని కోసం రెండోది ఆపక్కర్లేదు. పదేళ్ళలోపు పిల్లకి నేరుగా కులం పేరు తీస్తే మర్నాడు ఊళ్ళో పెద్దలు బడి గుమ్మంలో ఉంటారు, బదిలీ అయ్యేది టీచరమ్మే. సాలీడు కథకి ఎవడూ రాడు. చిన్నవాడు పెద్దవాణ్ణి తెలివితో గెలిచే కథ వింటే ఏ పిల్లకి ఏది తగలాలో అది తగులుతుంది.

కాలవగట్టు | మంగళవారం, రాత్రి 10:10

మాస్టారూ, మీరు దొంగదారి చెబుతున్నారు. సరే, అదీ దారే. మరి నాదీ ఒకటి వినండి. టీచర్ గారు అనన్సి కథ చెప్పిన రోజే పేటనుంచి ఒక ముసలమ్మని పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆవిడ దగ్గరున్న కథ చెప్పించాలి. మా అమ్మమ్మ నాట్లప్పుడు చెప్పే నక్క కథలు ఏ పుస్తకంలోనూ లేవు. ఆవిడ బడి వరండా ఎక్కితే, క్లాసంతా కింద కూర్చుని వింటే, అది ఒక పాఠం. ఏ పెద్దమనిషీ అడ్డు చెప్పలేడు, కథలే కదా.

ఇంకోటి, అనన్సి గురించి ఎవరూ చెప్పనిది. ఆ సాలీడు ఘానాలోనే ఉండిపోలేదు. బానిసల్ని ఓడల్లో కుక్కి తీసుకెళ్ళినప్పుడు వాళ్ళతో పాటు జమైకా దాకా వెళ్ళాడు. చేతిలో ఏమీ లేనివాళ్ళు తీసుకెళ్ళగలిగింది కథలే. చెరకు తోటల్లో దొర మీద గెలిచే దారి లేనప్పుడు రాత్రిళ్ళు సాలీడు పులి మీద గెలిచేవాడు. నేను ఇంటర్‌లో, అమెరికాకి బానిసలుగా వెళ్ళిన ఆఫ్రికా కుటుంబం కథ "ఏడు తరాలు" చదివినప్పటినుంచి ఆఫ్రికా నాకు దూరం అనిపించలేదు.

పాలకొల్లు_అమ్మ | బుధవారం, ఉదయం 7:05

తమ్ముడూ, అమ్మమ్మని పిలవాలన్న మాట చాలా బాగుంది. కానీ బానిసల ఓడల సంగతి 3వ తరగతికి వద్దు. రాత్రి నిద్రపోరు. 5 దాటాక చెప్పొచ్చు.

కాలవగట్టు | బుధవారం, ఉదయం 7:30

ఒప్పుకుంటా అక్కా. కానీ 5 దాటాక కచ్చితంగా చెప్పాలి, అప్పుడు మళ్ళీ "ఇంకా చిన్నపిల్లలు" అనకూడదు.

మగ్గం_బండారులంక | బుధవారం, ఉదయం 11:20

మా ఇంట్లో మగ్గం ఉందండి. సాలీడు అన్నారని ఆగాను. ఘానాలో అశాంటీ అనే జనం నేసే కెంటే అనే బట్ట ఉంది. బోన్‌విరే అనే ఊరు దానికి పేరు. ఇద్దరు మనుషులు అడవికి వెళ్ళి సాలీడు గూడు అల్లడం చూసి నేత నేర్చుకున్నారని వాళ్ళ గాథ. ఆ సాలీడు అనన్సే.

వాళ్ళ మగ్గం వీడియో చూశాను. 4 అంగుళాల వెడల్పు పట్టీలే నేస్తారు, తర్వాత పక్కపక్కన కుట్టి పెద్ద బట్ట చేస్తారు. పడుగు చాలా దూరం ముందుకి పరిచి చివర రాయి బరువు పెడతారు, నేసే కొద్దీ ఆ రాయి దగ్గరకి జరుగుతూ వస్తుంది. మేం గుంటలో కాళ్ళు పెట్టి తొక్కుతాం, వాళ్ళు కాలివేళ్ళ మధ్య తాడు బిళ్ళలు పట్టుకుని లాగుతారు. నాడె (పేక నూలు మోసేది) మాత్రం అటూ ఇటూ అలాగే పరిగెడుతుంది. రంగుల కూర్పు చూస్తే మా నాన్న "వీళ్ళు గట్టి పనోళ్ళురా" అన్నాడు. ఆయన ఎవరినీ మెచ్చుకోడు.

పిల్లల్ని తీసుకొస్తే మగ్గం చూపిస్తాను. రాలేకపోతే రంగు కాగితాల పట్టీలు కోసి పడుగూ పేకా అల్లించండి, గంటలో అయిపోతుంది.

వైజాగ్_హాస్టల్ | బుధవారం, సాయంత్రం 5:15

మాది తణుకు, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుతున్నా. ఇక్కడ ఆఫ్రికా దేశాల విద్యార్థులు ఉన్నారు. బస్సులో వాళ్ళ పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడతారు, లేదంటే అడక్కుండా సెల్ఫీ తీస్తారు. వాళ్ళల్లో ఒకరితో వీడియో కాల్ పెట్టిద్దామా? ఒక్క షరతు, పిల్లలు ముందే ప్రశ్నలు రాసుకోవాలి. "మీ జుట్టు నిజమేనా" తప్ప వేరే ప్రశ్న లేకపోతే కాల్ వద్దు.

భీమవరం_రొయ్య | బుధవారం, సాయంత్రం 5:40

"పులస తిన్నారా" అని అడగొచ్చా?

వైజాగ్_హాస్టల్ | బుధవారం, సాయంత్రం 5:44

అది నన్నే అడగండి. నేనే తినలేదు, ఆ రేటుకి.

పుస్తకాలపురుగు_కాకినాడ | బుధవారం, రాత్రి 9:20

డబ్బు సంగతి మిగిలిపోయింది. విదేశీ పుస్తకాలు మన జీతాలకి కుదరవు. దక్షిణాఫ్రికాలో సైడ్ అనే సంస్థ 2014లో ఆఫ్రికన్ స్టోరీబుక్ అనే వెబ్‌సైటు పెట్టింది. అక్కడి టీచర్లు, రచయితలు తమ భాషల్లో రాసిన బొమ్మల కథలు ఉచితంగా దింపుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, అనువాదం చేసుకోవచ్చు. మన దేశంలో ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ 2015 నుంచి అలాంటిదే. అందులో తెలుగు కథలు బోలెడు. ఆఫ్రికన్ స్టోరీబుక్ కథలూ కొన్ని అందులోకి చేరాయి. తెలుగులో లేని కథని మనమే తెలుగు చేసి పెట్టొచ్చు. వీటిలో నాకు నచ్చేది, రాజులూ అడవులే కాదు, బడికెళ్ళే పిల్ల, బస్సెక్కే నానమ్మ, అరటిపళ్ళు దొంగిలించే మనవడు ఉంటారు.

రాజులు కూడా కావాలంటే జాన్ స్టెప్టో 1987లో వేసిన ముఫారో కూతుళ్ళ కథ వెతకండి. ఒక కూతురు మంచిది, ఒకతి అసూయపరురాలు, మనకి తెలిసిన వరసే. కానీ ఆ బొమ్మల వెనక రాతి గోడలు చూడండి, అవి గ్రేట్ జింబాబ్వే శిథిలాలు చూసి వేసినవి. సున్నం, మట్టి ఏదీ పెట్టకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టిన నగరం. "అక్కడ గుడిసెలే ఉంటాయి కదా" అనే పిల్లకి ఆ ఒక్క పేజీ చాలు.

లంక_పంతులమ్మ | శుక్రవారం, రాత్రి 8:30

నిన్న బోర్డు మీద రెండు గొలుసులూ గీయించాను. చీమ గొప్పదా దోమ గొప్పదా అని పెద్ద గొడవ. "దెయ్యాల్లా" అన్నవాడే లేచి, గుడ్లగూబ పిల్లని చంపింది కోతి కదా, దోమని ఎందుకు కొట్టారండీ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. క్లాసు రెండుగా చీలిపోయింది, నవ్వని పిల్ల కోతి తరఫున వాదించింది, చాలా గట్టిగా.

వచ్చే వారం అనన్సి. అదే రోజు పేటనుంచి ఒక మామ్మగారు వస్తానన్నారు. ఆవిడ చెప్పే కథ ఏమిటో ముందు చెప్పనన్నారు. స్టోరీవీవర్‌లో రెండు కథలు దింపాను. ముప్పై మందికి ఒక ఫోన్ తెర చూపించలేను కాబట్టి ఊళ్ళో జెరాక్స్ షాపులో నలుపు తెలుపులో తీయిద్దామనుకుంటున్నా.

పాలకొల్లు_అమ్మ | శుక్రవారం, రాత్రి 8:52

నలుపు తెలుపులో వద్దే వద్దు మేడమ్! జెరాక్స్‌లో ఆ మొహాలన్నీ మసిముద్దలైపోతాయి, కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనపడవు. ఇంత చెప్పుకున్నాక మళ్ళీ దెయ్యాలే చేతికిచ్చినట్టవుతుంది. తీస్తే కలర్‌లోనే తీయించండి, 5 కాపీలైనా చాలు, ఆరుగురికొకటి.

భీమవరం_రొయ్య | శుక్రవారం, రాత్రి 9:10

కలర్ ప్రింట్ల ఖర్చు నాదండీ. ఈ పంటకి రొయ్యల కౌంటు (సైజు) బాగానే వచ్చింది. ముప్పై కాపీలు తీయించండి, తలా ఒకటి. లామినేషన్ కూడా చేయించండి, లేకపోతే మన చెమ్మకి నెల తిరక్కుండా బూజు పడతాయి.

లంక_పంతులమ్మ | శుక్రవారం, రాత్రి 9:18

చాలా థాంక్స్ అండీ. అమలాపురంలో రేటు కనుక్కుని మీకు విడిగా మెసేజ్ పెడతాను. దార్ బాబూ, కొబ్బరి పీట ఫొటో మర్చిపోకండి.